పాత బ్యాటరీ రేడియోకు కరెంటు ఇచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్యాటరీ వాల్వు రేడియో దొరికిందనీ, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది కలిపి ఈ రాత్రికే పాడించి చూస్తాననీ రాశావు. తొందరపడకు. కెపాసిటరు పోతే కొత్తది వేస్తావు, రెసిస్టరు పోయినా అంతే. వాల్వు లోపల వేడెక్కే వెంట్రుక కన్నా సన్నటి తీగ, అదే ఫిలమెంటు, తెగిందా, ఇక ఆ వాల్వు ఉత్త గాజుబుడ్డే. ఏ తీగ కలిపినా, 90 వోల్టులు ఫిలమెంటు మీదికి పోయే దారేమైనా తెరుచుకుంటోందా అని చూసుకుని కలుపు.

ముందు వాల్వుల మీది నంబర్లు చదువు. ఫిలమెంటును వేడిచేసే బ్యాటరీని ‘ఏ’ (A) అనీ, వాల్వులకు 90 వోల్టులిచ్చేదాన్ని ‘బీ’ (B) అనీ అంటారు. ‘ఏ’ ఎన్ని వోల్టులుండాలో ఆ నంబర్లే చెబుతాయి. 01ఏ ఉంటే అది 1920ల సెట్టు, 5 వోల్టులు, వాల్వుకు పావు ఆంపియరు. టైప్ 30 అయితే 2 వోల్టులు, 60 మిల్లీఆంపియర్లు. దానికి రెండు టార్చి సెల్లులు నేరుగా పెడితే 3 వోల్టులు పడతాయి. సెట్టు మొత్తం అర ఆంపియరు తీసుకుంటుంటే మధ్యలో 2 ఓమ్‌ల రెసిస్టరు ఉండాల్సిందే. నువ్వు రాసిన 1ఆర్5, 1టీ4, 1ఎస్5, 3ఎస్4 జట్టుకు 1.4 వోల్టులు. ఫిలమెంట్లన్నీ ప్యారలల్‌గా ఉంటే మొదటి మూడూ తలా 50, 3ఎస్4 ఒక్కటీ 100, వెరసి 250 మిల్లీఆంపియర్లు. ఒక పెద్ద టార్చి సెల్లు హాయిగా ఇస్తుంది.

వాల్వులన్నీ ఊడదీసి 1, 7 పిన్నుల మధ్య డిజిటల్ మీటరుతో చూడు. కొన్ని ఓమ్‌లు చూపిస్తే ఫిలమెంటు బతికే ఉంది. ముల్లు మీటరును కనిష్ఠ ఓమ్‌ల రేంజిలో వాడకు. కొన్ని మీటర్లు ఆ రేంజిలో 50 మిల్లీఆంపియర్లకు మించి తోస్తాయి, పరీక్షే ప్రాణం తీస్తుంది.

తరువాత కెపాసిటర్లు. మైనం పూసిన కాగితం కెపాసిటర్లు బాగున్నట్టు కనిపించినా నమ్మకు, అన్నీ మార్చు. అదే విలువగల 400 వోల్టుల ఫిల్మ్ రకం సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్పీకరును నడిపే 3ఎస్4 గ్రిడ్డుకు (వాల్వులో కరెంటును అదుపుచేసే జాలికి) సిగ్నలు తీసుకెళ్లే కప్లింగ్ కెపాసిటరు. దాని లీకేజి 10 మెగాఓమ్‌లకు దిగిందనుకో. అవతల 60 వోల్టులు, ఇవతల గ్రిడ్ రెసిస్టరు 2.2 మెగాఓమ్‌లు. లెక్క కడితే గ్రిడ్డు వైపు దాదాపు 11 వోల్టుల పాజిటివ్ తోసుకొస్తుంది. అక్కడ ఉండాల్సింది 7 వోల్టుల నెగటివ్! బీ బ్యాటరీకి అడ్డంగా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరునూ మార్చు. లేకుంటే బ్యాటరీని అదే తాగేస్తుంది. రెసిస్టర్లలో రాసిన విలువకు 20 శాతం దాటి పెరిగినవి తీసెయ్యి. స్పీకరుకు ముందుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వాల్వు వైపు చుట్టు, అంటే ప్రైమరీ, తెగిందేమో కూడా చూడు. తెగితే ప్లేటుకు (వాల్వులో కరెంటును అందుకునే రేకుకు) అందని కరెంటు భారం స్క్రీను (దానికి ముందున్న మరో జాలి) మీద పడుతుంది.

ఇప్పుడు సప్లై. వాల్వులు బయటే ఉంచి ముందు ఏ, ఆ తరువాత బీ కలుపు. ఒక్కో సాకెట్టులో 1, 7 మధ్య కొలువు. 3ఎస్4 ఫిలమెంటు నడిమి కొస 5వ పిన్ను, అందుకే అక్కడ మాత్రం 5కూ 1కీ మధ్య, 5కూ 7కూ మధ్య చూడు. 1.5 వోల్టుల దరిదాపుల్లో కాక మరేం కనిపించినా ఆగిపో. ప్లగ్గులో తీగలు తారుమారయ్యాయన్నమాట. 90 వోల్టులు చేతికీ గట్టిగానే తగులుతాయి, రెండో చెయ్యి సెట్టుకు దూరంగా పెట్టుకో.

అంతా సరిగా ఉంటే రెండు సప్లైలూ తీసేసి, వాల్వులు పెట్టి, ఏ ఒక్కటే కలుపు. వెలుగు కోసం వెతక్కు, ఈ వాల్వుల్లో అది దాదాపు కనపడదు. 250 మిల్లీఆంపియర్లకు దగ్గరగా కరెంటు ఉంటే చాలు. ఆపైన బీ పాజిటివ్‌కు సిరీస్‌లో 4.7 కిలోఓమ్‌ల రెసిస్టరు పెట్టి కలుపు. ఎక్కడ షార్టయినా 19 మిల్లీఆంపియర్లు దాటవు, 50 మిల్లీఆంపియర్ల ఫిలమెంటు బతికిపోతుంది. పాట సన్నగా వస్తుంది, రానీ. గ్రిడ్డు మీద నెగటివ్ ఉందని తేలాకే రెసిస్టరు తీసెయ్యి. పూర్తి వోల్టేజి మీద బీ కరెంటు 10, 12 మిల్లీఆంపియర్ల చుట్టూ ఉండాలి. సెట్టు మీద 67.5 అని రాసి ఉంటే పది బ్యాటరీలు వద్దు, ఏడు చాలు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇంకోచోట. సీ బ్యాటరీ (గ్రిడ్డుకు నెగటివ్ ఇచ్చే మూడో బ్యాటరీ) లేని సెట్లు చాలావాటిలో బీ నెగటివ్ నేరుగా ఏ నెగటివ్‌కు కలవదు, మధ్యలో ఒక రెసిస్టరు ఉంటుంది. గ్రిడ్డుకు కావలసిన నెగటివ్ పుట్టేది దాని మీదే. నీ సప్లై పెట్టెలో రెండు నెగటివ్‌లూ కలిపేశావో, ఆ రెసిస్టరు షార్టయి 3ఎస్4 హద్దు లేకుండా కరెంటు లాగుతుంది. బ్యాటరీలకు బదులు ఇంటి కరెంటుతో నడిచే ఎలిమినేటరు కట్టుకున్నా ఏ, బీ ట్రాన్స్‌ఫార్మరులో వేర్వేరు వైండింగుల నుంచి రావాలి. ‘ఏ’ వైపు ఎల్ఎం317 అనే వోల్టేజి రెగ్యులేటరు చిప్పుకు 120 ఓమ్‌లు, 15 ఓమ్‌లు వేస్తే 1.4 వోల్టులు వస్తాయి. రేడియోకు తగిలించే ముందు 5.6 ఓమ్‌ల రెసిస్టరుతో గంటసేపు నడిపి చూడు. ఆ 15 ఓమ్‌ల వైపు టాంకా ఊడితే ఇన్‌పుట్ వోల్టేజి దాదాపు అంతా ఫిలమెంట్ల మీద పడుతుంది, అందుకే దాన్ని రెండుసార్లు లాగి చూడు. తక్కువ వోల్టేజిని 90కి పెంచే చిన్న బోర్డులు మాత్రం నాకు నచ్చవు. ఇనప డబ్బాలో మూసి ఫిల్టరు పెడితే తప్ప మీడియం వేవ్ అంతా గీపెట్టి చంపుతాయి.

ట్యూనింగు సరిచేసే చిన్న మరలను, అంటే ట్రిమ్మర్లను, ఇప్పుడే తిప్పకు. ముందు 3ఎస్4 గ్రిడ్డు మీద ఎన్ని వోల్టులు వచ్చాయో కొలిచి రాయి.