క్రిస్మస్ కేక్ కుక్కకి పెట్టొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా ఇంట్లో నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. పేరు రాకీ, బరువు 32 కిలోలు. కిందటి క్రిస్మస్‌కి ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎవరో ప్లమ్ కేక్ పెట్టారు. రాత్రంతా వాంతులు చేసుకున్నాడు, మర్నాటికి తేరుకున్నాడు. ఈసారీ ఇంటినిండా జనమే. క్యారల్స్ వాళ్లు డ్రమ్ములతో వస్తే మంచం కింద దూరి వణుకుతాడు. 24 రాత్రి మేమంతా చర్చికి వెళ్లాలి. నిద్రమాత్ర వేసి పడుకోబెట్టమని పక్కింటివాళ్లు అంటున్నారు. వెయ్యొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు మాత్ర గురించి అడిగారు గానీ, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ కేక్ ముక్క. ప్లమ్ కేక్‌లో ఉండేది కిస్మిస్, నల్ల ఎండుద్రాక్ష. ఇవి కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇంత వరకూ పర్వాలేదని చెప్పే లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిన్నా తట్టుకుంటుంది, ఇంకోటి కాసినిటికే మంచాన పడుతుంది. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఇందుకు కారణమని 2021 నుంచి నిపుణులు గట్టిగా అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లం మన చింతపండులోనూ దండిగా ఉంటుంది. కాబట్టి పండగ పూట మిగిలిన పులిహోర కూడా రాకీ గిన్నెలోకి వెళ్లకూడదు.

ఇందులో చిక్కేమిటంటే, వాంతులు మొదటిరోజే అయిపోతాయి. కుక్క కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. కిడ్నీ దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది: తిండి మానేస్తుంది, నీరసపడుతుంది, మూత్రం తగ్గిపోతుంది. రాకీ ఏడాదిగా బాగానే ఉన్నాడంటే గండం గడిచినట్టే అనుకోవచ్చు. అయినా ఈసారి టీకాకి తీసుకెళ్లినప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. రమ్ములో నానబెట్టిన డ్రైఫ్రూట్స్‌తో చేసిన కేకైతే ఆ మద్యం అదనపు బెడద.

చాక్లెట్ సంగతి కొంచెం వేరు, దానికి లెక్కుంది. అందులోని థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్కకి విషం, అది ఒంట్లోంచి త్వరగా పోదు. 100 గ్రాముల మిల్క్ చాక్లెట్‌లో అది సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. 32 కిలోల రాకీ అంత తింటే కడుపు పాడవడంతో పోవచ్చు. మూడు కిలోల పొమేరియన్ తింటే ఫిట్స్ వచ్చేంత ప్రమాదం. డార్క్ చాక్లెట్‌లో ఇది రెండు మూడు రెట్లు, కోకో పొడిలో ఇంకా ఎక్కువ.

ఇక బిర్యానీ, మటన్ కూర. వాటిలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికినా, వేయించినా అంతే. లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గానీ కనబడవు. 25న తిన్నది 29న చిగుళ్లు పాలిపోయి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంటే ఎవరికీ పండగ గుర్తుకు రాదు. మటన్ బొమికలూ వద్దు. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. కొవ్వు ముక్కలు ఎక్కువైతే క్లోమం వాచి, కుక్క ముందుకాళ్లు నేలకానించి వెనక భాగం ఎత్తి నొప్పితో మెలికలు తిరుగుతుంది.

చుట్టాలు ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టరు. ఒక్కొక్కరూ ఒక్క ముక్కే పెడతారు, అలా ఇరవై ముక్కలవుతాయి. అందుకే రాకీకి పెట్టే చెయ్యి ఒక్కటే ఉండాలి, అది మీదో మీవారిదో. 'పాపం, చూస్తున్నాడు' అన్నవాళ్ల చేతికి వాడి రోజువారీ తిండిలోంచే నాలుగు గింజలివ్వండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ఎముక తీసేసి కొంచెం, పండగ విందుగా సరిపోతుంది.

ఇప్పుడు నిద్రమాత్ర. మీ ఇంట్లోది వెయ్యకండి. మనుషుల మోతాదు కుక్కకి సరిపడదు. కొన్ని మందులు కుక్కని కదలకుండా పడేస్తాయి గానీ లోపల భయం అలాగే ఉంటుంది, అది ఇంకా నరకం. కొన్నిటితో తిక్క ఎక్కువవుతుంది కూడా. భయం తగ్గించడానికి గాబాపెంటిన్, ట్రాజడోన్ లాంటివి పశువైద్యులం మేం రాస్తాం. అయితే కుక్కని చూశాకే. ముందొక మామూలు రోజున వేసి ఎలా ఉంటుందో చూసి, ఆ తర్వాతే పండగ రోజుకి. కాబట్టి ఈ వారమే మీ డాక్టరును కలవండి. జ్వరంగా ఉందని పారాసిటమాల్, ఇబూప్రోఫెన్ కూడా సొంతంగా వెయ్యొద్దు.

మందు లేకుండా చేయగలిగింది చాలా ఉంది. వీధికి దూరంగా ఉన్న గదిలో వాడి చాప, నీళ్లు పెట్టి, కిటికీలు మూసి, ఫ్యానూ టీవీ వేసి ఉంచండి. మంచం కిందికి దూరితే బయటికి లాగకండి. గొలుసు కట్టొద్దు, బెదిరిన కుక్క గొలుసుతోనే మెడ కోసుకుంటుంది. దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని కొందరంటారు, నిజం కాదు. నిమరండి. 24 సాయంత్రం వెలుతురు ఉండగానే బాగా తిప్పి, తిండి పెట్టి, బయటికి తీసుకెళ్లి వచ్చాకే మీరు చర్చికి బయల్దేరండి. అసలే వణికే కుక్క కాబట్టి, వీలైతే ఇంట్లో ఒకరు ఉండిపోవడం మేలు. 31 రాత్రి టపాసులకీ ఇదే ఏర్పాటు.

క్యారల్స్ వాళ్లకి గేటు తీసే ముందు రాకీ గది తలుపు వేసి ఉందో లేదో చూసుకోండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల వేయండి. నక్షత్రానికి లాగిన వైర్లు వాడి నోటికి అందకూడదు. పిల్లలు తింటున్న కుక్కనీ, నిద్రలో ఉన్న కుక్కనీ కదపకుండా చూడండి. టీకా వేసిన కుక్కే అయినా, ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పంపండి.

ఇంత చేసినా ఎవరో కేక్ పెట్టేశారనుకోండి. ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం చెయ్యొద్దు, ఆ ఉప్పే విషమవుతుంది. రెండు గంటల్లోపు మా దగ్గరికి చేర్చగలిగితే ఇంజెక్షన్‌తో కక్కించగలం. కేక్ డబ్బా, మిగిలిన ముక్క కూడా తెండి, ఎంత తిన్నాడో అంచనా వేయొచ్చు. 25న సెలవు కాబట్టి, ఆ రోజు ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో రెండు మూడు చోట్ల కనుక్కుని ఫోన్ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించుకోండి.