రివైండింగ్ చేయించినా మళ్లీ కాలిపోతున్న మోటారు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా రైస్ మిల్లులో ఊకను లాగే బ్లోయరుకు 10 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఉంది. మోటారును మొదట తక్కువ ఓల్టేజీతో ‘స్టార్’ పద్ధతిలో కదిలించి, తర్వాత ‘డెల్టా’కు మార్చే స్టార్ డెల్టా స్టార్టరుతో నడుపుతాం. ఈ సీజనులో రెండుసార్లు కాలిపోతే రెండుసార్లూ రివైండింగ్ చేయించాం. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీద ఉన్న 14.5 ఆంపియర్లకే పెట్టించినా అది ఒక్కసారీ ట్రిప్ కాలేదు. రివైండింగ్‌లోనే లోపం ఉందంటారా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: రివైండింగ్‌ను అనుమానించే ముందు మీరు రాసిన రిలే సంగతి చూడాలి. స్టార్ డెల్టా స్టార్టర్లలో రిలేను సాధారణంగా లైనులో కాకుండా వైండింగుకు (మోటారులోని తీగచుట్లకు) వెళ్లే తీగల్లో కలుపుతారు. మోటారు డెల్టాలో నడిచేటప్పుడు ఆ తీగల్లో లైను కరెంటులో 58 శాతమే పారుతుంది కాబట్టి, 14.5 ఆంపియర్ల మోటారుకు రిలేను 8.4 దగ్గర ఉంచాలి. మీ రిలే అలా కలిపినదే అయితే, మోటారు 25 ఆంపియర్లు లాగుతున్నా అది కదలదు. ఎక్కడ కలిపారో ఎలక్ట్రీషియన్‌తో ముందుగా చూపించండి.

ఇక మోటారు అంతగా వేడెక్కడానికి కారణం కాలిన వైండింగును చూస్తే చాలావరకు తెలుస్తుంది. దురదృష్టవశాత్తు మన దగ్గర మోటారు షాపుకు చేరిన గంటలోనే పాత తీగను కోసేస్తారు. ఈసారి కోయకముందే ఫొటో తీయించండి. డెల్టాలో నడిచే మోటారులో ఒక ఫేజు కాయిళ్లు మాత్రమే నల్లబడి మిగిలిన రెండూ తేటగా ఉంటే, సప్లైలో ఒక ఫేజు పోయిందనో, మూడు ఫేజుల ఓల్టేజీల మధ్య తేడా బాగా ఉందనో అర్థం. ఆ తేడా 3.5 శాతం ఉన్నా వైండింగు వేడి పెరుగుదల దాదాపు పాతిక శాతం ఎక్కువవుతుంది. రెండు ఫేజుల కాయిళ్లు కాలి ఒకటి మిగిలితే స్టార్టరులో డెల్టాను కలిపే స్విచ్చు, అంటే డెల్టా కాంటాక్టరు పాయింట్లలో ఒకటి సరిగా అతకడం లేదేమో చూడాలి. మూడూ సమానంగా నల్లబడితే అది లోడు ఎక్కువ కావడం వల్ల కావచ్చు, గాలి ఆడకపోవడం వల్ల కావచ్చు, లేదా టైమరు పాడై మోటారు డెల్టాకు మారకుండా స్టార్‌లోనే లోడు మోయడం వల్లా కావచ్చు.

గొట్టం మూసుకుపోతే బ్లోయరు మీద లోడు పెరుగుతుందని మిల్లర్లలో చాలామంది నమ్ముతారు. ఇలాంటి సెంట్రిఫ్యూగల్ బ్లోయరులో జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం: గొట్టంలో గాలిని తగ్గించే తలుపు, అంటే డ్యాంపరు పూర్తిగా తెరిచినా, గొట్టం ఎక్కడైనా ఊడి గాలి ధారాళంగా వెళ్లినా కరెంటు పెరుగుతుంది. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరును మూడు ఫేజులకూ పెట్టి, డ్యాంపరును కొద్దికొద్దిగా మూస్తూ చూస్తే మీకే తెలుస్తుంది.

రివైండింగ్ వల్ల కూడా నష్టం జరిగే వీలుంది. పాత కాయిళ్లు సులువుగా ఊడిరావడానికి స్టేటరును (మోటారులో తిరగని భాగాన్ని) గ్యాసు మంటతో కాల్చే షాపులో, దాని ఇనుప కోరు రేకుల మధ్య ఇన్సులేషన్ దెబ్బతిని, మోటారు ఖాళీగా తిరిగినా వేడెక్కే స్థితికి వస్తుంది. మోటారును తిరిగి తెచ్చుకునేటప్పుడు ఇన్సులేషన్‌ను కొలిచే 500 ఓల్టుల మెగ్గరుతో పరీక్ష చేయించి, కనీసం 5 మెగా ఓమ్‌లు ఉంటేనే తీసుకోండి.

ప్రశ్న: డ్రయ్యరు కింది కన్వేయరుకు ఉన్న వార్మ్ గేరుబాక్సు (మరలాంటి షాఫ్టు పళ్లచక్రాన్ని తిప్పే పెట్టె) చేయి పెట్టలేనంతగా కాలుతోంది. ఆయిల్ సీలు మార్చినా కారుతూనే ఉంది. లారీ గేర్లకు పోసే ఈపీ 90 ఆయిలే పోస్తున్నాం.
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: వార్మ్ గేరుబాక్సులో పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ పనిచేస్తాయి కనుక, 60 డిగ్రీల వేడి దానికి మామూలే, చేయి మాత్రం అంత వేడిని ఓర్చుకోదు. కాబట్టి చేత్తో తాకి నిర్ణయించకుండా థర్మామీటరుతో చూడండి. 90 డిగ్రీలు దాటుతుంటే ఆపాలి. మీ ఆయిలు విషయం మాత్రం నాకు నచ్చలేదు. అందులోని గంధకపు రసాయనాలు వేడి మీద గేరుబాక్సులోని కంచు పళ్లచక్రాన్ని తినేయవచ్చు. పాతది పూర్తిగా వంపేసి, గేరుబాక్సు ప్లేటు మీద సూచించిన వార్మ్ గేరు ఆయిలు పోయండి. అది చాలావరకు ఐఎస్‌ఓ వీజీ 460 చిక్కదనానిదే అయి ఉంటుంది. లెవెల్ ప్లగ్గు అంచును మించి పోస్తే ఆయిలు చిలికినట్లయి వేడి ఇంకా పెరుగుతుంది. కారుడు ఆగకపోవడానికి సీలు ఒక్కటే కారణం కాదు: లోపలి గాలి బయటికి పోవడానికి పైనున్న బ్రీదరు రంధ్రం తవుడు దుమ్ముతో మూసుకుపోతే లోపలి ఒత్తిడే కొత్త సీలు గుండా ఆయిలును బయటికి నెడుతుంది. దాన్ని విప్పి కిరోసిన్‌తో కడిగి, గాలి ఊది బిగించాక కూడా కారితే, షాఫ్టు మీద సీలు పెదవి ఆనేచోట గాడి పడిందేమో వేలిగోటితో తడిమి చూడండి.