మెషీన్ మార్చకండి, ముందు దాని చప్పుడు వినండి

"ఎస్‌ప్రెస్సో మెషీన్ కొని రెండు నెలలైంది. పాలకు ఆవిరి పడితే సబ్బు నురగలా పెద్ద పెద్ద బుడగలు వస్తున్నాయి. కెఫేలో లాంటి నున్నటి నురగ రావాలంటే ఇంకా ఖరీదైన మెషీన్ కొనాలా?" అని అడిగారు.

అక్కర్లేదండి. మాదీ ఆన్‌లైన్ సేల్‌లో కొన్న మామూలు మెషీనే. మా ఆయన పది రోజులు దాంతో కుస్తీ పట్టి, "మన వల్ల కాదులే" అని మళ్లీ ఫిల్టర్ డికాక్షన్‌కి వెళ్లిపోయారు. వంటింటి గట్టు మీద సగం చోటు తినేసిన వస్తువుని రోజూ దుమ్ము తుడవడం నాకు ఒళ్లుమంట. అందుకే నేను మొదలుపెట్టాను. వీడియోలు చాలానే చూశాను గానీ, అసలు కిటుకు పట్టిచ్చింది మా అత్తగారు. ఆవిడ ఆ మెషీన్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

వీడియోల మీద నాకో కోపం ఉంది, అది ముందు చెప్పేస్తాను. అందులో అందరూ "హోల్ మిల్క్" అంటారు. మేము ఆవిన్ (ఇక్కడ తమిళనాడు డెయిరీ పాలు) ఆరెంజ్ ప్యాకెట్ అనుకున్నాం. అమెరికాలో హోల్ మిల్క్ అంటే వెన్న 3.25 శాతం. మన ఆరెంజ్ ప్యాకెట్‌లో 6 శాతం. నీలం ప్యాకెట్‌లో 3. అంటే వాళ్లు చెప్పేది మనం "నీళ్ల పాలు" అని తీసిపారేసే నీలం ప్యాకెట్‌కి దగ్గర! నురగని నిలబెట్టేది ముఖ్యంగా పాలలోని ప్రొటీన్. వెన్న రుచికి, మెత్తదనానికి. చేయి తిరిగేదాకా నీలం ప్యాకెట్‌తో నేర్చుకోండి, తర్వాత మీ ఇష్టం.

ఇంకోటి, కాచిన పాలు వాడకండి. మన ఇళ్లలో ప్యాకెట్ కత్తిరించగానే చెయ్యి దానంతటదే స్టవ్ వెలిగిస్తుంది. నేనూ కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టినవే వాడేదాన్ని. వడగట్టినా మీగడ తునకలు మిగిలి స్టీమ్ గొట్టం కొన చిల్లుల్లో ఇరుక్కునేవి. ఆ చిల్లుల్ని కుట్టు సూదితో ఎన్నిసార్లు పొడిచానో. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా నేరుగా జగ్గులో పోసేయొచ్చు. చెన్నై ఎండల్లో అయితే జగ్గుని కూడా ఫ్రిజ్‌లో పెట్టండి. పాలు ఎంత చల్లగా ఉంటే మీ చేతిలో అంత టైమ్ ఉంటుంది.

ఇక అత్తయ్య సంగతి. మొన్న జనవరిలో శుక్లాల ఆపరేషన్ కోసం ఆవిడని కావలి నుంచి వేళచ్చేరిలో మా ఇంటికి తీసుకొచ్చాం. కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు డాక్టరు. ఆవిడ వింటే కదా. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చునే, వంటింటిని చెవులతో ఏలేవారు. "పోపు మాడతా ఉంది", "కుక్కర్లో నీళ్లు చాల్లేదు" అని అక్కణ్నించే. మెషీన్ మొదటిసారి కీచుమని అరిచినప్పుడు "ఏందమ్మాయ్, గాస్కెట్ పోయిందా?" అన్నారు.

ఐదో రోజు అనుకుంటా, నేను జగ్గు దించకముందే "ఇయ్యాల బాగా వచ్చుంటదే" అన్నారు. చూద్దును కదా, నిజంగానే పెద్ద బుడగ ఒక్కటి లేదు. ఎనామిల్ పెయింట్‌లా మెరుస్తోంది. ఎలా తెలిసిందత్తయ్యా అంటే, "ముందు కొత్త గుడ్డ చింపినట్టు చిరచిరమనింది. రోజూ ఎత్తుకోడమే కీచుమని ఎత్తుకుంటది గదా" అన్నారు. మర్నాటి నుంచి ఆవిడ హాల్లోంచి చెప్పడం, నేను జగ్గు కదపడం. "పైకి... ఆఁ, అదే... చాల్లే, ఇంక ముంచెయ్."

చిరచిరలాడుతోందంటే గొట్టం కొన పాల పైమట్టానికి అంటీ అంటనట్టు ఉండి, ఆవిరి కొంచెం కొంచెంగా గాలిని లోపలికి లాగుతోందని అర్థం. మొదటినుంచే కీచుమంటే కొన మరీ లోతుకి పోయింది, గాలి అందడం లేదు. బుడబుడమంటే కొన బయటికి వచ్చేసింది, మీ సబ్బు బుడగలు ఇక్కడివే. ఈ చిరచిర జగ్గు చల్లదనం పోయేదాకే ఉండాలి. గోరువెచ్చన కాగానే కొనని ఒక సెంటీమీటరు లోపలికి దించి, జగ్గుని కాస్త వంచితే పాలు గిర్రున సుడి తిరుగుతాయి. బుడగల్ని చిన్నవిగా చితక్కొట్టేది ఆ సుడే. అరచెయ్యి జగ్గుకి ఆనించలేనంత వేడెక్కితే కట్టేయండి, అది 60 డిగ్రీల దగ్గర. 70 దాటితే కాగిన పాల వాసన వచ్చేస్తుంది. పాలు పొంగేదాకా కళ్లు పెట్టుకుని చూడడం అలవాటైన చేతులకి, అంత ముందే ఆపడం ఎంత కష్టమో!

పాలలో ముంచేముందు ఒకసారి ఆవిరి ఖాళీగా వదలండి, గొట్టంలో పేరుకున్న నీళ్లు పోతాయి. అయిపోగానే తడిగుడ్డతో తుడిచి మళ్లీ వదలండి. మీ గొట్టానికి పక్కన చిన్న చిల్లున్న లావుపాటి తొడుగు ఉందేమో చూడండి. ఆ చిల్లు మీరు అడిగినా అడక్కపోయినా గాలి పీలుస్తూనే ఉంటుంది. ఊడొచ్చేదైతే తీసేయండి. రాకపోతే, కావాల్సినంత నురగ రాగానే చిల్లుని కూడా పాలలో ముంచేయండి.

మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ ఏటా పెరుగుతుంది, బోరు నీళ్లు మాత్రం బకెట్‌కి సున్నం వేసినట్టు తెల్లగా పట్టేస్తాయి. ఆ నీళ్లు మెషీన్‌లో పోస్తే లోపలా అదే గతి, ఆవిరి రోజురోజుకీ నీరసపడుతుంది. మేము క్యాన్ నీళ్లే పోస్తాం.

అత్తయ్య నల్ల కళ్లద్దాలు తీసేశాక, గురుదక్షిణగా, నా జన్మలోకెల్లా నున్నటి నురగతో కాఫీ చేసి ఆవిడ స్టీలు గ్లాసులోనే ఇచ్చాను. ఒక గుక్క తాగి, "బానే ఉందిగానీ సల్లారిపోయింది. కాస్త పొయ్యి మీద పెట్టియ్యి" అన్నారు.

పెట్టాను. రెండు నిమిషాల్లో మీగడ కట్టింది.