క్లోన్లు ఎందుకు పారిపోరు?

బ్రిటిష్ రచయిత కజువో ఇషిగురో నవల ‘నెవర్ లెట్ మీ గో’లో అవయవాల కోసం పెంచిన క్లోన్లు (వేరే మనుషులకు నకళ్లుగా పుట్టించిన మనుషులు) పారిపోయే ప్రయత్నమే చెయ్యరు, ఇది కథలో లోపం కాదా అని మీలో ఒకరు అడిగారు. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేటప్పుడు నేనూ అదే వాదించాను. కథ చెప్పే క్లోన్ క్యాథీ చేతిలో కారుంది, ఇంగ్లండంతా ఒంటరిగా తిరుగుతుంది, ఒక్కరోజు దారి మార్చి పోతే ఆపేదెవరు?

తర్వాత మా బాపు కిడ్నీలు పాడయ్యాయి. హనుమకొండలో వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు. మిషన్ ఎక్కితే చలి పెడుతుందని అమ్మ సంచిలో ఎప్పుడూ ఒక దుప్పటి ఉండేది. కిడ్నీ ఎవరివ్వాలన్నది మా ఇంట్లో చర్చకే రాలేదు. అన్నకు ఉద్యోగం, నాకు పెళ్లి కావాలి, బాబాయికి షుగర్. నువ్వివ్వు అని అమ్మతో ఎవరూ అనలేదు. ‘బ్లడ్ గ్రూపు కలుస్తదేమో చూద్దాం’ అన్నారు, అంతే. హైదరాబాద్ ఆసుపత్రిలో కెమెరా పెట్టి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. ‘లేదు సారూ, నాకు రెండున్నయి గదా’ అంది. అబద్ధం కాదు. తనంతట తాను అడిగింది ఒక్కటే: ‘సద్దుల బతుకమ్మ అయినంక పెట్టుకుందమా?’

ఆ మాట విన్నాక నవల మళ్లీ తీశాను. నిజంగా ప్రేమించుకునే జంటకు దానాలు మూడేళ్లు ఆపుతారని క్లోన్లలో ఒక పుకారు. క్యాథీ, ఆమె ప్రేమించిన టామీ వెళ్లి అడిగేది ఆ వాయిదానే, విడుదల కాదు. సిగరెట్ ముట్టొద్దు, ఒళ్లు జాగ్రత్త అంటూ హేల్‌షామ్ బడి వాళ్లను ముద్దుగానే పెంచింది. అక్కడ కోతకు పేరు ‘దానం’, చావుకు పేరు ‘పూర్తవడం’. పాతకాలం రాజు చంపేవాడు, లేదా బతకనిచ్చేవాడు. ఆధునిక అధికారం బతికిస్తుంది, లేదా చావుకు వదిలేస్తుంది అని ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో 1976లో రాశాడు. బయోపాలిటిక్స్ అంటే, అంటే మనుషుల ప్రాణాల మీద ఇలా నడిచే అధికారం గురించి, నాకు అర్థమైంది ఇంతే.

అమ్మను క్లోన్‌తో పోల్చడం లేదు. ఆమె ప్రేమతోనే ఇచ్చింది, బాపు బాగున్నాడు. కానీ మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, వాళ్లనూ ఎవరూ కట్టేసి తీసుకుపోరు.

వాయిదా లేదని తేలాక టామీ దారిలో కారు ఆపించి, చీకట్లో పొలంలోకి వెళ్లి అరుస్తాడు. ఆ పేజీ మళ్లీ చదవండి. మా అమ్మ ఆ యేడు పద్మాక్షి గుట్ట కాడ బతుకమ్మ ఆడి వచ్చింది. ఆపరేషన్ ముందురోజు రాత్రి పక్కింటావిడకు ఫోన్ చేసి, తులసికి నీళ్లు పొయ్యమని చెప్పి పడుకుంది.