పందిరి నిండా ఆకులే, రాధామనోహరం పూలేవి?

ప్రశ్న: ఇంటి ముందు రాధామనోహరం నాటి మూడేళ్లయింది. మేడ మీదికి పాకింది. ఆకు ఏపుగా ఉంది కానీ పూలు ఎక్కడో పైన నాలుగు గుత్తులే. రెండు నెలలకోసారి యూరియా వేస్తున్నాం. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు యూరియా ఆపేయండి. నత్రజని ఎక్కువైతే తీగ ఆకులు, పొడవాటి కొమ్మలు వేసుకుంటూ పోతుందే తప్ప పూతకు రాదు. రెండోది ఎండ. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలి. మీకు పైన మాత్రమే గుత్తులు వస్తున్నాయంటే ఎండ అక్కడే తగులుతోందన్నమాట. కింద నీడనిచ్చే చెట్టుకొమ్మలేమైనా ఉంటే తీయించండి.

అన్నిటికంటే ముఖ్యం కత్తిరింపు. పచ్చటి తీగను కోయడానికి మనసొప్పక చాలామంది వదిలేస్తారు. రాధామనోహరం పూసేది కొత్త చిగుళ్ల మీద. ముదురు కొమ్మలు చిక్కుపడి ఉంటే కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుంది? జనవరి చివర, చలి తగ్గుముఖం పట్టగానే ఎండుకొమ్మలు, ఒకదాన్నొకటి పెనవేసుకున్నవి మొదలంటా తీసేయండి. బలమైన తీగలు నాలుగైదు ఉంచి, వాటి పక్క కొమ్మలను మూడు నాలుగు కణుపులు మిగిలేలా కోయండి. రాలిన ఆకుల తొడిమలు ముదురు తీగ మీద ముళ్లలా గట్టిపడి ఉంటాయి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకోండి. తర్వాత మొదలుకు అడుగు దూరంలో చుట్టూ పాదు చేసి, మాగిన పశువుల ఎరువు 5 కిలోలు, ఎముకల పొడి 100 గ్రాములు మట్టిలో కలిపి నీళ్లు పెట్టండి. పూసి వాడిన గుత్తులను రెండు కణుపుల కిందికి తుంచుతూ ఉంటే పక్క చిగుళ్లు వచ్చి మళ్లీ పూస్తాయి. వానకాలంలో మాత్రం గట్టి కత్తిరింపు పెట్టుకోకండి, ఆ ఏటి పూత పోతుంది.

ఇంకో మాట. ఇది బరువెక్కే తీగ. మేడ మీదికి వాననీటి పైపు ఆసరాగా పాకించి ఉంటే ఇనుప పందిరికి మార్చండి.

ప్రశ్న: పక్కింటి నుంచి కొమ్మలు తెచ్చి మూడుసార్లు గుచ్చాను. ప్రతిసారీ కింద నల్లబడి కుళ్లిపోయాయి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: లేత చివుళ్లు తెచ్చి ఉంటారు, లేదా మట్టిలో పేడ ఎరువు కలిపి ఉంటారు. రెండూ కుళ్లు తెచ్చేవే. పెన్సిలంత లావున్న, మరీ ముదరని కొమ్మను 6–8 అంగుళాల ముక్కగా, కింది కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా కోయండి. పైన రెండు ఆకులుంచి, వాటినీ సగానికి కత్తిరించండి. ఇసుక, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, నీడలో పెట్టండి. తడి ఆరకూడదు, నీరు నిలవకూడదు. జూన్–ఆగస్టు మధ్య అయితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి.

పక్కింటివారు ఒప్పుకుంటే దీనికంటే నేల అంటు తేలిక. పొడవాటి కొమ్మను వంచి, కణుపు దగ్గర బెరడు కొంచెం గీకి, 3 అంగుళాల లోతున మట్టి కప్పి ఇటుక పెట్టండి. రెండు నెలల్లో వేరు పట్టాక తల్లి తీగ నుంచి కోసుకోవచ్చు. మొదట్లో పిలకలుంటే వేరుతో సహా తవ్వి తెచ్చుకోవడం ఇంకా సులువు.

ప్రశ్న: నర్సరీ మొక్క నిటారుగా పొదలా ఉంది, తీగ సాగడం లేదు. వేరే మొక్క ఇచ్చారా? బాల్కనీ కుండీలో పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అనుమానం వద్దు. లేత వయసులో ఇది పొదలాగే ఉంటుంది, వేరు కుదురుకున్నాక పొడవాటి కొమ్మలు విసిరి పాకుతుంది. 17వ శతాబ్దంలో దీన్ని వర్ణించిన వృక్షశాస్త్రవేత్త రంఫియస్ పెట్టిన లాటిన్ పేరు ‘క్విస్‌క్వాలిస్’కు ‘ఎవరు? ఎలాంటిది?’ అని అర్థం. పెరిగే తీరు చూస్తే ఆ పేరు బాగా అతుకుతుంది.

కుండీ 18 అంగుళాలకు తగ్గకూడదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు. గ్రిల్‌కు అడ్డంగా పాకించండి, నిలువుగా వదిలితే పూలన్నీ పై ఇంటివారికే.

ప్రశ్న: ఒకే గుత్తిలో తెలుపు, గులాబి, ఎరుపు పూలున్నాయి. అంటు కట్టిన మొక్కా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాదు, ఒకే పువ్వు రంగు మారుతుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాడు గులాబి, ఆపైన ఎరుపు. తెల్లగా ఉన్న రాత్రి పొడవాటి తొండమున్న పెద్ద చిమ్మెటలు వస్తాయి, రంగు తిరిగాక పగటిపూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు.

ప్రశ్న: కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. బోరు నీళ్లు పోస్తున్నాం.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఇది ఇనుము అందని లక్షణం. సున్నం ఎక్కువున్న మట్టిలో, ఉప్పు నీళ్లతో ఇలా అవుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అప్పటికప్పుడు సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లండి. వారం తేడాతో రెండు మూడుసార్లు చాలు. పసుపు ముదురు ఆకుల్లో మొదలైతే మాత్రం అది నీరు నిలిచినందుకో, నత్రజని చాలకో కావచ్చు. అప్పుడు ముందు కుండీ అడుగున రంధ్రం పూడిందేమో చూడండి.