కార్డుల సంగతి తర్వాత, ముందు పాపకు షుగర్ పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. బెంగళూరులో ఉండే మా ఆడబిడ్డ పోయిన నెల వచ్చినప్పుడు జోస్యం చెప్పే టారో కార్డులు తెచ్చింది. పాప ముచ్చటపడితే ఒక సెట్టు ఇక్కడే వదిలి వెళ్లింది. అప్పటినుంచి పాప రోజూ పొద్దున్నే ఒక కార్డు తీసి, ఈరోజు ఎలా ఉంటుందో చెప్పమంటుంది. మంచిది రాకపోతే మళ్లీ మళ్లీ తీస్తుంది. మూడు వారాల కిందట అస్థిపంజరం బొమ్మ వచ్చింది. ఆ వారమే వాళ్ల తాత బాత్రూంలో జారిపడి చెయ్యి విరిగింది. 'నేను తీసినందుకే' అని ఒకటే ఏడుపు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. మూడేళ్లకే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. భయపడిందని వాళ్ల జేజి దర్గాలో తాయెత్తు కట్టించింది. నిద్ర పట్టడానికి మెడికల్ షాపులో అడిగి జలుబు సిరప్ ఇస్తున్నాం. ఈ ఎండలకి నీళ్లు బాగా తాగుతోంది, తిండి బాగానే తింటోంది కానీ కొంచెం చిక్కింది. ఇంత చిన్నపిల్లలకు ఇలాంటి కార్డులు ఇవ్వొచ్చా? ఏ వయసు నుంచి పర్వాలేదు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా కార్డుల గురించే ఉంది. నాకు గుబులు పుట్టించింది మాత్రం చివర్లో మాటవరసకు రాసిన వాక్యం. నీళ్లు బాగా తాగుతోంది, తింటున్నా చిక్కింది. దానికి పక్క తడపడం కలిపితే పిల్లల డాక్టరు ఎవరైనా ముందు అనుమానించేది షుగర్‌నే.

ఈ జవాబు పేజీలోకి ఎక్కడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతదాకా ఆగడం ఇష్టంలేక, ఉత్తరం చదివిన పూటే డెస్క్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఈపాటికి పరీక్ష అయిపోయి ఉండాలి. ఇంకా కాలేదంటే మిగతాది తర్వాత చదువుకోవచ్చు, పాపను తీసుకుని బయల్దేరండి.

పాపను చూడకుండా ఇది షుగరే అని నేను అనడం లేదు, అనకూడదు కూడా. భయంతోనూ పిల్లలు పక్క తడుపుతారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, రోజుల తరబడి మలబద్ధకం ఉన్నా తడుపుతారు. కానీ ఆరు నెలలకు పైగా పక్క తడపకుండా ఉన్న బిడ్డ మళ్లీ మొదలుపెడితే, మనసు సంగతి చూసేముందు ఒంటి సంగతి తేల్చుకోవాలి. దాహం, బరువు తగ్గడం తోడైతే అదే రోజు తేల్చుకోవాలి. పరగడుపున చేయించాలేమోనని రేపటికి వాయిదా వేయకండి. ఏ వేళైనా వేలి చివర ఒక చుక్క రక్తం చాలు. ఈ లక్షణాలుండి అంకె 200, అంతకు పైన వస్తే షుగర్ కిందే లెక్క, ఆ పూటే ఆసుపత్రిలో చూపించాలి. మూత్రంలో షుగర్, కీటోన్లు (చక్కెర ఒంటికి పట్టక కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) కూడా చూడమనండి. మీ ఊళ్లోనే ప్రభుత్వాసుపత్రి ఉంది, దీనికోసం కడప దాకా రానక్కర్లేదు.

చిన్నపిల్లలకు షుగరేంటి అంటారేమో. వస్తుంది. దీన్ని టైప్ 1 అంటాం. స్వీట్లు తిన్నందుకో, జడుసుకున్నందుకో వచ్చేది కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ లేకపోతే రక్తంలో చక్కెర ఎంతున్నా ఒంటికి పట్టదు. అందుకే తింటున్నా చిక్కిపోతారు. ఆ చక్కెర మూత్రంలో పోతూ నీళ్లను కూడా లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ ఒంటికి వెళ్లడం, అందుకే ఆ దాహం. పెద్దవాళ్ల షుగర్‌కు పనిచేసినట్టు దీనికి మాత్రలు పనిచేయవు, ఇన్సులిన్ ఇంజెక్షన్ తప్పదు.

ఎండలకి తాగుతోంది అనుకోవడంలో మీ తప్పేమీ లేదు. ఏప్రిల్‌లో మన జిల్లాలో నీళ్లు తాగని బిడ్డ ఎవరు? కానీ ఎండకు తాగిన నీళ్లు చెమటలో పోతాయి, ఒంటికి వెళ్లడం తగ్గుతుంది, వెళ్లినా పచ్చగా వస్తుంది. మీ పాప నీళ్లూ ఎక్కువ తాగుతోంది, రాత్రి పక్కా తడుపుతోంది. అది ఎండ చేసే పని కాదు. నిద్రలో లేచి మరీ నీళ్లడుగుతోందా, క్లాసులో మాటిమాటికీ బాత్రూంకి వెళ్తానంటోందని టీచర్ అన్నారా, స్కూలు యూనిఫాం నడుము దగ్గర వదులైందా, ఒకసారి గుర్తు చేసుకోండి.

కొన్నేళ్ల కిందట మా ఓపీకి తొమ్మిదేళ్ల అబ్బాయిని ఎత్తుకొచ్చారు. చీకట్లో చింతచెట్టు కింద జడుసుకున్నాడని పదకొండు రోజులు ఇంట్లోనే పెట్టుకున్నారు. మెడలో రెండు తాయెత్తులు, మొలతాడుకు ఒకటి. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ పొడి కలిపి గంటగంటకూ తాగించారు. నా దగ్గరికి వచ్చేసరికి మైలు దూరం పరిగెత్తి వచ్చినవాడిలా ఆయాసపడుతున్నాడు. నాలుక అట్టలా ఎండిపోయింది. నోటి దగ్గర బాగా మగ్గిన పండు వాసన. షుగర్ మీటర్ అంకె చూపలేక 'హై' అని రాసి ఊరుకుంది. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డాడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, ఇన్సులిన్ తనే వేసుకుంటాడు. ఆ తాయెత్తుల మీద నాకు కోపం లేదమ్మా, ఆ పదకొండు రోజుల మీద ఉంది. మీరు మూడు వారాలు అని రాశారు. వాళ్ల జేజి కట్టించిన తాయెత్తును ఉండనివ్వండి, తీసేయమని నేననను. ఆ రోజే దారిలో ల్యాబ్ దగ్గర కూడా ఆగి ఉంటే బాగుండేది.

వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, పిలిస్తే సరిగా పలకని మత్తు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ల్యాబ్ సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయండి. పరీక్ష అయ్యేదాకా గ్లూకోజ్ నీళ్లు, చెరకురసం, కూల్‌డ్రింకులు ఇవ్వకండి. మామూలు నీళ్లు మాత్రం ఎంత అడిగితే అంత ఇవ్వండి. పక్క తడుపుతోందని సాయంత్రం ఆరు నుంచే చెంబు దాచిపెట్టే ఇళ్లు నేను చూశాను. షుగర్ ఉన్న బిడ్డకు అది చాలా ప్రమాదం.

ఇప్పుడు ఆ సిరప్. దీని గురించి ఈ పేజీలో రాసి రాసి నాకే విసుగొచ్చింది, మీకు రాలేదా? మందు పేరు రాయలేదు. ఎన్ని ఎంఎల్ ఇస్తున్నారో రాయలేదు. మూతతో కొలుస్తున్నారా, వంటింటి చెంచాతోనా? ఎన్ని రాత్రులైంది? మెడికల్ షాపులో నిద్రకోసం చేతికిచ్చే జలుబు సిరప్‌లో మామూలుగా ఉండేది అలర్జీ మందు. దానివల్ల మత్తు వస్తుంది, ఆ మత్తునే మనం నిద్ర అనుకుంటాం. కొందరు పిల్లలు అది తాగాక నిద్రపోకపోగా ఇంకా చికాకుపడి ఎగురుతారు. మత్తులో ఉన్న బిడ్డకు ఒంటికి వస్తున్నా మెలకువ రాదు, కాబట్టి పక్క తడపడం ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. షుగర్ పెరిగి మగతగా పడుకున్నా, సిరప్ పనిచేసింది, బిడ్డ హాయిగా నిద్రపోతోంది అనుకుంటారు.

ఇవి మిఠాయి నీళ్లు కావు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. దగ్గు, జలుబు మందులు రెండేళ్లలోపు పిల్లలకు రాయొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా వద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకే చెప్పింది. మా పాపకు ఏడేళ్లు కదా అంటారు. నిజమే, ఆమెకు జలుబు కూడా లేదు కదా. ఈ రాత్రి నుంచి ఆపేయండి. సీసా పారేయకండి, డాక్టరుకు చూపించాలి.

ఇక మీరు అడిగింది. షుగర్ మామూలుగా వచ్చి, మూత్రం పరీక్ష కూడా బాగుంటే, అప్పుడు కార్డులే పెద్ద సమస్య అవుతాయి. షుగర్ వచ్చినా పాప భయం పాపకు ఉంటుంది కాబట్టి ఎటైనా చెప్పాల్సిందే.

ఈ కార్డులు నేను మొదటిసారి చూసింది ఒక తల్లి టీకాల కార్డు కోసం బ్యాగు వెతుకుతూ కింద పడేసినప్పుడు. తర్వాత కుతూహలం కొద్దీ కాస్త చదివాను. మొత్తం 78 ఉంటాయి. పదిహేనో శతాబ్దంలో ఇటలీలో చీట్లపేక లాంటి ఆట కోసం పుట్టాయి. జోస్యానికి వాడటం పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది. ఇప్పుడు దొరికే చాలా సెట్లకు మూలం 1909లో లండన్‌లో అచ్చయిన బొమ్మలు, పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి వేసినవి. అన్నీ పెద్దవాళ్ల కోసం వేసినవే. ఒకదాంట్లో మనిషి మంచం మీద లేచి కూర్చుని చేతుల్లో మొహం దాచుకుంటాడు, వెనక చీకట్లో వరసగా తొమ్మిది కత్తులు. రాత్రి పడుకోబోయే బిడ్డకు చూపించే బొమ్మేనా అది? మీ పాపకు వచ్చిన అస్థిపంజరం ఆ సెట్టులోదే అయితే, కవచం తొడుక్కుని తెల్ల గుర్రం మీద వస్తుంటుంది. ఆ గుర్రం ముందు ఒక చిన్నబిడ్డ మోకాళ్ల మీద ఉంటుంది. కార్డులు చదివేవాళ్లు దానికి చావు అని కాదు, మార్పు అని అర్థం చెబుతారు. మీ ఆడబిడ్డా అదే చెప్పి ఉంటుంది. ఏడేళ్ల పిల్ల చూసేది అర్థాన్ని కాదు, బొమ్మను. అందులో తన ఈడు బిడ్డను కూడా చూసి ఉంటుంది.

ఒకదాని వెంట ఒకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణం అనుకునే వయసు అది. అమ్మ మీద కోపంతో ఏదో అనుకున్నాను, అందుకే అమ్మకు జ్వరం వచ్చింది అని లోలోపల కుమిలిపోయే పిల్లలు మా దగ్గరికి కడుపునొప్పి పేరుతో వస్తారు. ఏడెనిమిదేళ్లు దాటాక ఈ ఆలోచన మెల్లగా పలచబడుతుంది. అంతదాకా వాళ్ల చేతికి రేపటిని చెప్పే వస్తువు ఏదిచ్చినా, అందులో వచ్చే చెడుకు తామే బాధ్యులమనుకుంటారు.

మన పిల్లలకు జోస్యం కొత్తా అని మీరడగొచ్చు. రథసప్తమికి దేవుని కడప తేరు చూడ్డానికి వెళ్లి, చిన్నప్పుడు నేనూ చిలక ముందు కూర్చున్నవాణ్ణే. చిలక బయటికొచ్చి, ముక్కుతో ఒక కార్డు లాగి, గింజ తిని లోపలికి పోయేది. (రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం, అది వేరే కథ.) కార్డులో దేవుడి బొమ్మ, చదివేది పెద్దాయన, చెప్పేది ఎక్కువగా మంచే. అది ఏడాదికోసారి తిరునాళ్ల ముచ్చట. ఆ చిలక మా ఇంటికొచ్చి రోజూ పొద్దున మంచం పక్కన కూర్చోలేదు.

కాబట్టి బొమ్మల కంటే నాకు ఎక్కువ అభ్యంతరం ఆ రోజూ తీయడం, మంచిది వచ్చేదాకా తీస్తూనే ఉండటం. ధైర్యం కోసం అడుగుతుంది, క్షణం కుదుటపడుతుంది, మళ్లీ అనుమానం వస్తుంది, మళ్లీ తీస్తుంది. తలుపు గడియ పెట్టానా లేదా అని పదిసార్లు చూసొచ్చే పెద్దవాళ్లను చూశారు కదా, అలాంటిదే. కుందేళ్లు, పువ్వులు వేసిన ముద్దొచ్చే కార్డులైనా ఈ విషయంలో తేడా లేదు.

ఏడేళ్ల దాకా పిల్లలకు వద్దే వద్దు. ఎనిమిది, తొమ్మిది అంటే బిడ్డను బట్టి, మీ పాపలాంటి భయస్తురాలికైతే వద్దు. పది పదకొండు దాటాక పెద్దవాళ్లు పక్కన కూర్చుని, బొమ్మ చూసి కథ అల్లుకునే ఆటగా అయితే పర్వాలేదు. ఇది నా అనుభవంతో చెప్పే మాట, ఏ వైద్య సంఘమో పెట్టిన నియమం కాదు.

ఇప్పుడున్న సెట్టును కాల్చకండి, తీసుకెళ్లి పెన్నలో వేయకండి. అలా చేస్తే దానికి నిజంగానే ఏదో శక్తి ఉందని పాపకు మీరే రుజువు చేసినట్టు. 'ఇది అత్త వస్తువు, అత్త వచ్చినప్పుడు ఇచ్చేద్దాం' అని బీరువా మీద పెట్టేయండి. నాలుగు రోజులు పేచీ పెడుతుంది, పెట్టనివ్వండి. ఆడబిడ్డతో గొడవ కూడా పెట్టుకోకండి, ఆమె ముచ్చటకు ఇచ్చింది. తాత సంగతి మాత్రం తాతే చెప్పాలి. కట్టు కట్టిన చెయ్యి చూపించి, బాత్రూంలో సబ్బు నీళ్లున్నాయి, నేను చూసుకోలేదు, జారాను అని. వీలైతే పాపను బాత్రూం దగ్గరికి తీసుకెళ్లి ఎక్కడ కాలు జారిందో చూపించమనండి. నా వల్ల కాదా అని మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా అదే మాట, విసుక్కోకుండా. పక్క తడిపినందుకు తిట్టడం, చుట్టాల ముందు చెప్పి నవ్వడం వద్దు.

ఈ వయసు పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. రెండు వారాలైనా రాత్రి భయం తగ్గకపోతే, స్కూలుకు వెళ్లనని మొండికేస్తే, కార్డులు లేకపోయినా ఇంకేదో లెక్కపెట్టడం, ముట్టుకోవడం మొదలుపెడితే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సిరప్ సీసా, ల్యాబ్ రిపోర్టు, పాప పాత బరువు రాసిన కాగితం ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. అంకె 200కి చేరితే మాత్రం ఓపీ ఎప్పుడు, టోకెన్ ఎంత అని చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.
– పిల్లల వైద్య నిపుణులు, కడప