పసుపు వండే ముందు ఒక మాట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈసారి పసుపు పచ్చిగా అమ్మకుండా నువ్వే వండి, ఎండబెట్టి, ఇంట్లో నిల్వ చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు ఎండబెట్టడం గురించే అడిగావట. కానీ పసుపు ఎలా ఎండుతుందో సగం పొయ్యి దగ్గరే తేలిపోతుంది. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

తవ్విన రెండు మూడు రోజుల్లో వండేయాలి. విత్తనానికి కావలసిన దుంపలు ముందే ఏరి నీడన దాచు. మిగిలినవాటిలో కాయలు, అంటే మధ్యనుండే తల్లిదుంపలు, వాటి పక్కన వేళ్లలా పెరిగే కొమ్ములు వేరు చెయ్యి. కాయలు లావు కాబట్టి నిదానంగా ఉడుకుతాయి. రెండూ ఒకే బాణలిలో పోస్తే కాయలు ఉడికేసరికి కొమ్ములు చితికిపోతాయి. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డులోనూ వీటికి వేర్వేరు ధరే పలుకుతుంది. అయినా చాలామంది ఈ వేరు చేయడానికే బద్ధకిస్తారు.

మట్టి కడిగి, పసుపు మునిగేలా శుభ్రమైన నీళ్లు పోసి, పైన గోనెపట్టా కప్పు. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, అయితే గడియారాన్ని నమ్మి దించకు. నురగ పొంగి, తెల్లని ఆవిరితో పాటు ఘాటైన పసుపు వాసన వస్తుంది. అప్పుడు ఒక కొమ్ము తీసి చీపురుపుల్లతో గుచ్చు. పుల్ల అడ్డు లేకుండా దిగాలి, వేళ్లతో నొక్కితే మెత్తగా ఉండాలి, ముద్ద మాత్రం కాకూడదు. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా విరుగుతుంది. రంగు కోసం పేడనీళ్లు పోయమని ఎవరైనా చెబితే ఒక నమస్కారం పెట్టి పంపించేయి. తినే వస్తువది.

ఎండబెట్టడం మట్టినేల మీద వద్దు. సిమెంటు కళ్లం మీదో, వెదురు చాపల మీదో ఆరబెట్టు. పలచగా పరిస్తే త్వరగా ఎండుతుందని అనిపిస్తుంది గానీ, పైరంగు వెలిసిపోతుంది. 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం ఉంచి రోజూ తిరగవేయి. సాయంత్రం కుప్ప చేసి కప్పెయ్యాలి, మంచు తగలకూడదు. ఎండను బట్టి 10 నుంచి 15 రోజులు. కుప్ప రోజురోజుకీ తగ్గిపోతుంటే కంగారు పడకు. 100 కిలోల పచ్చి పసుపుకు ఎండినది 20 కిలోల చుట్టుపక్కల వస్తుంది.

ఎండిందో లేదో చెవితో తెలుసుకో. కొమ్ము విరిస్తే టక్కున మోగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉందన్నమాట. ఆ తడితో సంచికెత్తితే వానాకాలానికి బూజు ఖాయం.

ఇంటి వాడకానికి పాలిషు పట్టించే పని లేదు. గోనెసంచిలో వేసి గట్టిగా దొర్లిస్తే పొట్టూ వేళ్లూ రాలిపోతాయి. మెరుపు కోసం ఏ రంగూ పూయకు. కొందరు కలిపే లెడ్ క్రోమేట్ అనే సీసపు పచ్చరంగు విషం.

నిల్వకు పొడి గోనెసంచులు తీసుకుని, చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టు. పొగాకును తొలిచే చిన్న గోధుమరంగు పురుగు పసుపునూ వదలదు. కొమ్ముల మీద సన్నని రంధ్రాలు, అడుగున పిండి కనిపిస్తే ఆ సంచిని వెంటనే వేరు చేసి ఎండలో ఆరబెట్టు. పొడి మాత్రం అప్పుడప్పుడు కావలసినంతే పట్టించుకో, ఏడాదికి సరిపడా ఒకేసారి వద్దు.

మా పెద్ద బాణలి ఖాళీగానే ఉంది. వచ్చేటప్పుడు ట్రాక్టరు తెచ్చుకో, మోటారు సైకిలు మీద కుదరదు.

మీ మామయ్య